నిమ్మకాయకు పెట్టిన పరీక్ష

మీ కంప్యూటర్ మొరాయిస్తే ముందుగా దేన్ని అనుమానిస్తారు, దిష్టినా, మీరు చేసిన పనినా?

పోయిన ఖరీఫ్‌లో కళ్యాణదుర్గం దగ్గర మా రైతు సంఘం కోసం ఒక పైథాన్ ప్రోగ్రాం రాశాను. నేలలో తేమ చూసి, వేరుశనగ విత్తవచ్చో లేదో అది చెబుతుంది. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. పొలాల్లోని తేమ లెక్కలు వచ్చే సంఘం ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రం, రైతులంతా కూర్చున్నాక, ఆగిపోయింది.

"రాహుకాలంలో మొదలుపెడితే ఇంతేనమ్మా" అంటూ గుమాస్తా ఓబులేసు కంప్యూటర్‌కు నిమ్మకాయ కట్టాడు.

"పంచాంగం చూసి ఇత్తుకుంటాం పదండప్పా" అని రైతులు లేచారు. పొడినేలలో పడితే విత్తనమంతా పోతుంది. "ఒక్క పది నిమిషాలు ఆగండి" అని వాళ్లను మళ్లీ కూర్చోబెట్టాను.

రెండు కంప్యూటర్లలోని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లను, అంటే ప్రోగ్రాంకు కావలసిన ప్యాకేజీలు ఉండే అరలను, పోల్చి చూశాను. ఆఫీసుదానిలో ఒక ప్యాకేజీ పాత వెర్షన్ ఉంది. నా ల్యాప్‌టాప్‌లోని వెర్షనే అక్కడా వేశాను. ప్రోగ్రాం నడిచింది. "తేమ చాలదు, ఆగండి" అని చూపింది.

"చూసినావా, నిమ్మకాయ మహిమ!" అన్నాడు ఓబులేసు.

నేను నిమ్మకాయ విప్పి నడిపాను, నడిచింది. మళ్లీ కట్టి, "ఇప్పుడు పాత వెర్షన్ వేస్తున్నా" అని అందరికీ చెప్పి వేశాను. ఆగిపోయింది.

ముందు కూర్చున్న పెద్దాయన పకపకా నవ్వాడు. "నీ కాయ కూడా పాత వెర్షనే ఓబులేసూ! ఇట్ల తే, నీళ్లలో పిండుకుంటాం."

ఆ రోజు విత్తనం మూటల్లోనే ఉండిపోయింది. వాన పడ్డాకే నేలలోకి వెళ్లింది.

ఈసారి మీ ఇంట్లో ఏది ఆగినా, కట్టిన నిమ్మకాయ విప్పి చూడండి.