నాన్నకు ఒక రోజు చూపించిన మాస్టారు

మా తెలుగు మాస్టారు పోయారని మహాలయ పక్షం రెండో రోజున బందరు నుంచి ఫోను వచ్చింది. చెప్పగానే అమ్మ చేపల బుట్ట దించి అరుగు మీద కూర్చుండిపోయింది.

మాది దివిసీమలో సముద్రం పక్క పల్లె. మాస్టారు కుటుంబాన్ని బందరులో ఉంచి, రిటైరయ్యేదాకా మా ఊళ్ళో ఒక్కరే అద్దెకుండేవారు. నల్లబల్ల తన జేబురుమాలుతోనే తుడిచేవారు. పిల్లల్ని కూడా "అండీ" అనే పిలిచేవారు.

పదో తరగతి పరీక్ష దరఖాస్తు నింపుతూ నేను తండ్రి పేరు దగ్గర ఆగిపోయాను. ముందు 'లేటు' అని రాయాలో వద్దో తెలియలేదు. నాన్న వేటకెళ్ళి అప్పటికి మూడేళ్ళు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. కర్మ చెయ్యమని బంధువులు పోరితే, "మనిషిని చూపించండి, చేస్తాను" అనేది అమ్మ. ఆయన లుంగీ మాత్రం వారం వారం ఉతికి ఆరేసేది.

"పేరొక్కటే రాయండమ్మా, చాలు," అన్నారు మాస్టారు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చారు.

"ఆయన పోయారని చెప్పడానికి రాలేదమ్మా. ఎక్కడున్నారో, ఆకలిగా ఉన్నారేమో. ఒక ముద్ద పెట్టమని చెప్పడానికొచ్చాను." తిథి తెలియనివాళ్ళకి మహాలయ అమావాస్య నాడు పెట్టుకోవచ్చని వివరించారు.

అమ్మ తీగ మీది లుంగీ తీసి మడతపెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఆయనకి చందువా చేపల పులుసంటే ప్రాణమండీ. పెట్టొచ్చా?"

"పెట్టేది ఆయనకే కదమ్మా. నన్నడుగుతారేం?"

ఆ అమావాస్య నాడు విస్తరి ముందు అమ్మ మూడేళ్ళ ఏడుపూ ఏడ్చింది. మర్నాడు బుట్టెత్తుకుని అవనిగడ్డ బజారుకెళ్ళింది. ఆ బుట్టే నన్ను డిగ్రీ దాకా చదివించింది. అయినా మా ఇల్లు మళ్ళీ నడక మొదలుపెట్టింది మాత్రం మాస్టారి ఆ ఒక్క మాటతోనే అనుకుంటాను.

ఆ తర్వాత ప్రతి ఏడూ అదే రోజున ఆయన వచ్చేవారు. కొబ్బరినీళ్ళు మాత్రం తాగి, "ఇవాళ మీ నాన్నగారి గురించి ఒక సంగతి చెప్పండి," అనేవారు. నాన్న నవ్వు నాకు గుర్తుండిపోయింది అలా చెప్పీ చెప్పీనే.

మాస్టారి పన్నెండో రోజున ఇద్దరం బందరు వెళ్ళాం. అమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది. "చూసి వెళ్దామని వచ్చామండీ," అంది మాస్టారి భార్యతో.

"దివిసీమ నుంచేనా? ఆయన మీ సంగతి చెప్పని ఏడు లేదమ్మా," అంటూ ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, బంధువుల వరసలో కూర్చోబెట్టారు. తనే వడ్డించారు. కరెంటు పోయింది. వరసంతా తిని లేచినా అమ్మ ఇంకా తలొంచుకుని నెమ్మదిగా తింటూనే ఉంది. ఆవిడ పక్కన పీట వేసుకుని, విసనకర్రతో విసురుతూ కూర్చున్నారు.