బిడ్డ చేనులో మంద

మా కాలనీలో మనుషులకు పేర్లుండవు, నంబర్లుంటాయి. నేను పద్నాలుగు. ఎదురింటావిడ పదిహేడు. షాద్‌నగర్ దాటాక హైవే పక్కన, ఒకప్పుడు జొన్నలు పండిన నేలలో, ఒకే రంగు, ఒకే ఎత్తు ఇళ్లు. బట్టలు బయట ఆరేయకూడదు. మిరపకాయలు ఎండబెట్టకూడదు. గట్టిగా మాట్లాడితే గ్రూపులో మెసేజ్ వస్తుంది, అదీ చేతులు జోడించిన బొమ్మతో. పొద్దున్నే అందరం ఖరీదైన బూట్లు వేసుకుని పార్కు చుట్టూ గుండ్రంగా నడుస్తాం. పోయేచోటు లేదు, తెచ్చేదీ లేదు. మా బాపు చూస్తే గానుగెద్దులనుకుంటాడు.

బాపు గొర్రెల కాపరి. మాది మక్తల్ పక్క పల్లె. ఎండాకాలం రాగానే మేత కోసం జీవాలను తోలుకుని నల్లగొండ వరి మడుల దిక్కు నడిచిపోవడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈ రాత్రికి మా చేనులో మంద పెట్టమని దారిలో రైతులు బతిమాలి మరీ ఆపేవారు. గొర్రెలన్నీ ఒక రాత్రి పడుకుని లేస్తే ఆ నేలకు అంతకు మించిన ఎరువు లేదు. అందుకు గింజలు కొలిచిస్తారు, కడుపు నిండా అన్నం పెడతారు. ఆడబిడ్డ చేనులో పెడితే మాత్రం కాపరి ఒక్క గింజ ముట్టడు. అది పుట్టింటివాళ్లు పెట్టే చీరె లాంటిదే. మా మేనత్త చేనులో బాపు ఏటా మంద పెట్టేవాడు. నాకు చేను లేదని ఆయనకు లోపల ఒకటే బాధ.

నా మొగుడు ప్లాట్ల వ్యాపారి. తెలంగాణ వచ్చాక ఇటువైపు భూముల ధరలు లేచినప్పుడు నాలుగు రాళ్లు వెనకేసి ఈ ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికి బాపు ముందురోజే వచ్చాడు. అప్పటికి మా వరసలో ఇంకెవరూ దిగలేదు. ఇల్లంతా తిప్పి చూపించాను. పాలరాయి, మెట్లు, అద్దాలు దేని గురించీ ఒక్క మాట అనలేదు. ఇంటి పక్కన లాన్ దగ్గరికి వచ్చాక ఆగాడు.

"గీ చేనెవ్వలిదే?"

అది కాలనీ మొత్తానికీ ఉన్న పార్కు. ఆ ముక్క చెబితే నా సొమ్మేం పోయేది? కొత్త ఇంటి పొగరు నెత్తికెక్కి ఉంది. "మాదే బాపూ" అన్నాను.

"ఏమేస్తరు?"

"ఏం వెయ్యం. ఉత్త గడ్డే."

బాపు వంగి ఇంత మట్టి తీసి వేళ్ల మధ్య నలిపాడు. "సత్తువ లేదు బిడ్డా. మంద వెట్టాలె గీన్ల" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడో ఏడు ఎండాకాలంలో ఒక పొద్దున వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "మేడం, మీ ఇంటి పక్కన గొర్రెలు!" గ్రూపులో అప్పటికే ఒకటే గోల. మేమంతా తలుపులు బిగించి ఏసీ వేసుకుని పడుకునే జాతి. ఎనభై గొర్రెలు కిటికీ కింద తెల్లవార్లూ అరిచినా ఒక్క నంబరుకూ వినపడలేదు. వెనక ప్రహరీ గోడ ఇంకా పూర్తికాక రేకులు అడ్డం పెట్టి ఉంచారు. బాపు ఒక రేకు పక్కకు జరిపి మందను లోపలికి తోలాడు. బిడ్డను నిద్రలేపడం ఎందుకని నన్ను పిలవనైనా లేదు.

ఉరికాను. మా ఆయన ఊళ్లో లేడు. బాపు గొంగడి భుజాన వేసుకుని లాన్ మధ్యలో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే మొహం చాటంత చేసుకున్నాడు. నల్లగొండకు పోయేవాడు నా కోసం దారి మళ్లి మూడు రోజులు ఎక్కువ నడిచాడని తర్వాత మా తమ్ముడు చెబితే తెలిసింది. ఇన్నాళ్లకు నా బిడ్డ చేనులో మంద పెడుతున్నానని ఊరంతా చెప్పి బయల్దేరాడట.

నేను బాపూ అని పిలవలేదు. చుట్టూ నంబర్లన్నీ నిలబడి ఉన్నాయి. పదిహేడు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, "ఛీ, ఏం కంపు! ఇంత పోసి కొన్నది ఇందుకేనా?" అంటోంది. నేను పుట్టి పెరిగింది ఆ కంపులోనే. సిగ్గులేకుండా చెబుతున్నాను, నా చేయి కూడా ముక్కు దగ్గరికే పోయింది.

కాలనీ సెక్రటరీ మెత్తగా మాట్లాడతాడు, కోసేదీ మెత్తగానే. "నిన్ను లోపలికి ఎవరు రమ్మన్నారయ్యా? పోలీసులకి చెప్పాల్సొస్తుంది" అన్నాడు.

"పోలీసులెందుకు సారు?" అని నవ్వుతూ బాపు నా వైపు తిరిగాడు.

మా నాన్న అని ఒక్క మాటంటే అయిపోయేది. మహా అయితే నాలుగు రోజులు మాట్లాడరు. మాట్లాడి మాత్రం ఏం ఒరగబెడుతున్నారు గనక! ఇదంతా ఇప్పుడు తోస్తోంది. అప్పుడు మాత్రం తల దించుకుని నా చెప్పులు చూసుకున్నాను.

బాపు జీవాలతో బతికిన మనిషి. బెదిరినదాన్ని ఇట్టే పసిగడతాడు. ఆయన నవ్వు ఆగిపోయింది. "ఎవ్వలు రమ్మనలె సారు. చీకట్ల దారి తప్పొచ్చిన. జర మాఫ్ చెయ్యిండ్రి, ఇప్పుడే తోల్కపోత" అన్నాడు.

"మేడం, మీ ఇంటి పక్కనే కదా. ఇతను మీకు తెలుసా?" సెక్రటరీ నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోపే బాపు అందుకున్నాడు. "గా అమ్మకేమెరుక సారు? ఆమె ఎవ్వలో, నేనెవ్వలో."

నేను అంతటితో ఊరుకుని ఉండొచ్చు. "తెలీదండీ" అని నా నోటితో నేనే అన్నాను.

మంద వెనక మా పుట్టింటి కుక్క ఉంది. ఊరికి పోయినప్పుడల్లా నా చేతి అన్నం తినే కుక్క. అది అంత దూరం నుంచి నన్ను గుర్తుపట్టి, తోక ఆడిస్తూ వచ్చి నా మోకాళ్ల మీద కాళ్లు పెట్టింది. "అమ్మో, కరుస్తుంది!" అని పదిహేడు కేకేసింది. నా చేయి దాని తల దాకా పోయి ఆగిపోయింది.

"భయపడకుండ్రి అమ్మా, ఏమనదది" అన్నాడు బాపు, నాతోనే. వంగి కుక్క మెడకు తన తువ్వాల చుట్టాడు. అది కుయ్యోమంటూ నా దిక్కే గుంజుతుంటే, రేకుల దాకా ఈడ్చుకుంటూ తీసుకుపోయాడు.