అమ్మ బట్టలు పెట్టిన దొర

అమెరికా మనకి ఏదో ఇస్తోందట అని ఎవరైనా పేపరు పట్టుకుని మురిసిపోతుంటే, ఈ వయసులో కూడా నాకు ఒళ్లు మండిపోతుంది. ఇస్తారు, ఎందుకివ్వరు! మా ఇంటికీ ఇచ్చారు ఒక మనిషిని. మా అమ్మ వండింది తిని, మా అమ్మ పెట్టిన పంచె కట్టుకుని, నందిగామలో మా పేట వీధి వెంట గుడి దాకా నడిచిన మనిషిని. ఆ సంగతి మొదట్నించీ చెబితే గానీ నా కోపం ఎవరికీ అర్థం కాదు.

మాది క్రైస్తవుల పేట, గుడంటే మాకు చర్చే. నాన్న ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. నేనూ ట్రైనింగ్ అయ్యాక జగ్గయ్యపేటలో టీచరుగా చేరా. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి సాయంత్రం ప్రార్థన వేళకి ఇల్లు చేరేదాన్ని. మా ఇంట్లో దూరం వెళ్లినవాడు అన్నయ్య ఒక్కడే. బెజవాడలో చదువు మధ్యలో ఆపేసి విమాన దళంలో చేరాడు. విమానం నడపడం కాదు, రాడార్ మీద పని. చీకటి గదిలో ఒక తెర ముందు కూర్చుని, శత్రువు విమానాలు ఇంకా కంటికి ఆనని దూరంలో ఉండగానే పసిగట్టి చెప్పాలి. ఆ తెర వెలుగుతున్నంతసేపూ అన్నయ్యకీ, చుట్టూ ఉన్నవాళ్లకీ భయం లేదు. అది ఆరిపోతే బాంబు నెత్తి మీద పడేదాకా తెలీదు. ఈ ఒక్క ముక్క మా అమ్మకి బాగా పట్టుబడింది. రోజూ సాయంత్రం ప్రార్థనలో ఇంట్లో వాళ్ల పేర్లన్నీ వరసగా చెప్పి, ఆఖర్న "వాడి దీపం ఆరిపోకుండా చూడు తండ్రీ" అని ముగించేది. అది అన్నాకే మేం ఆమెన్ అనాలి.

చైనా వాళ్లు కొండలు దిగొచ్చిన ఏడు, మన సైన్యం వెనక్కి తగ్గుతోందన్న సంగతి రేడియో నసుగుతూ నసుగుతూ చెప్పేది. జగ్గయ్యపేట బజార్లో మీటింగు పెడితే కలిగినింటి ఆడవాళ్లు చేతి గాజులు తీసి యుద్ధ నిధికి ఇచ్చారు. అమ్మకి ఇద్దామన్నా బంగారం లేదు. గుడ్లు పెట్టే పెట్టని చంకన పెట్టుకుని వెళ్లి ఇచ్చొచ్చింది. దాన్ని అక్కడే వేలం వేసారు. మన ప్రభుత్వం అమెరికాని విమానాలు పంపమని అడిగిందని అప్పుడు ఊళ్లో ఒకటే గుసగుసలు. నాన్నయితే రాత్రికి వస్తాయా, తెల్లారి వస్తాయా అన్నట్టు మాట్లాడేవారు. అవేవీ రాలేదు. వచ్చిన దారినే చైనా వాళ్లే తిరిగి వెళ్లిపోయారు. అమెరికా వాళ్లు బయల్దేరేలోపే యుద్ధం అయిపోయింది, వాళ్లేం చేస్తారు అని నాన్న వాళ్లనే వెనకేసుకొచ్చారు.

ఆ మరుసటేడు మాత్రం వచ్చారు. యుద్ధానికి కాదు, కసరత్తుకి. అమెరికా వాళ్లూ, బ్రిటిషు వాళ్లూ విమానాలు తెచ్చారు, రాడార్ సెట్లు తెచ్చారు, మన వాళ్లతో కలిసి ఆకాశంలో ఉత్తుత్తి యుద్ధం చేసారు. ఆ సెట్లు నేర్చుకోమని అన్నయ్యని పంపారు. సెలవులో ఇంటికొచ్చినప్పుడు అవే కబుర్లు. మళ్లీ నిజంగా యుద్ధమొస్తే ఆ విమానాలు ఎవరి ఆర్డరు మీద లేవాలన్న దగ్గర పైవాళ్లకి పీటముడి పడిందట. పరాయి దేశం విమానాలు మన గడ్డ మీద తిష్ఠ వేసాయన్న పేరు మన వాళ్లకి అక్కర్లేదు. తమ విమానాల మీద పెత్తనం ఇంకొకరికి ఇవ్వడం వాళ్లకి ఇష్టం లేదు. చివరికి, ప్రమాదం వచ్చినప్పుడు ఇద్దరం సంప్రదించుకుందాం అని రాసుకున్నారట.

బాంబులు పడుతుంటే సంప్రదించుకోవడమేవిటి అన్నా నేను. నీకన్నీ వంకలే అని నాన్న విసుక్కున్నారు. అన్నయ్య నవ్వి, బావి మనది, ఆయిల్ ఇంజను వాళ్లది, దాన్ని తిప్పే హ్యాండిలు వాళ్లు జేబులో పెట్టుకున్నారు, అంతే, అన్నాడు. అమ్మ అప్పుడు చింతకాయ దంచుతోంది. దంచడం ఆపి, హ్యాండిలు పట్టుకునే మనిషి మంచివాడైతే చాలు కదా అంది. చాలా మంచివాడమ్మా, చూద్దువుగాని, అన్నాడు అన్నయ్య.

ఆ మంచివాణ్ణే తర్వాతి సెలవుకి వెంటబెట్టుకొచ్చాడు. రాడార్ నేర్పే అమెరికా సార్జెంటు, అన్నయ్య ఈడువాడే. బెజవాడలో బస్సెక్కితే మోకాళ్లు ముందు సీటుకి కొట్టుకుని, పరిటాల దాటేసరికి నెత్తి నిండా దుమ్ము. దిగేసరికి పేటంతా మా వాకిట్లోనే ఉంది. ఎన్నడూ పేటలో అడుగు పెట్టని పెద్ద రైతు ఒకాయన, దొరకి కూర్చోడానికి కుర్చీ పంపించి, కుర్చీ వెనకాలే తనూ వచ్చేసాడు. దొర ఆ కుర్చీ వంక చూడనన్నా చూడలేదు. నాన్న పక్కన చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, కోడికూర తిని, గోంగూర తిని, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే ఇంకాస్త వెయ్యమన్నాడు. కుర్చీ తెచ్చినాయన నిలబడే ఉన్నాడు. దేవుడు క్షమించాలి, ఆ పూట మా కళ్లు నెత్తికెక్కిన మాట నిజం.

ప్రయాణం రోజున అమ్మ అతనికి బట్టలు పెట్టింది. జగ్గయ్యపేటలో పంచె, కండువా నేనే కొనుక్కొచ్చా. మా వైపు బట్టలు పెట్టడమంటే ఊరికే ఇచ్చి పుచ్చుకోవడం కాదు. కొత్త బట్ట మన చేతి మీదుగా కట్టుకున్నవాడు ఇక మన మనిషే. మంచికి పిలిస్తే రావాలి, చెడ్డకి పిలవకపోయినా రావాలి. మాకిది ఒకరు చెప్పక్కర్లేదు. అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు. అన్నయ్య పంచె కడితే, అది జారకుండా రెండు చేతులా పట్టుకుని నవ్వుతూ గుడికొచ్చాడు. వచ్చాక అమ్మ అతని ఎదురుగా నిలబడి అడిగింది. అన్నయ్య ఇంగ్లీషులో చెప్పాడు.

"నా కొడుక్కి ఆపదొస్తే నువ్వుంటావా బాబూ?"

"ఉంటానమ్మా. నేనుండగా ఇతనికి ఏమీ కానివ్వను."

అమ్మ అనే మాట తెలుగులోనే అన్నాడు. అది ఇప్పటికీ నా చెవిలో ఉంది.

బస్సు దగ్గర అన్నయ్యని పక్కకి తీసుకెళ్లి ఏదో చెప్పాడు. అన్నయ్య మొహం వాడిపోయింది. విడిపోతున్నారు కదా, అందుకే అనుకున్నా. ఇక్కడ పని అయిపోయింది, వెళ్లిపోతున్నాడని మాత్రం అన్నయ్య ఇంట్లో చెప్పాడు. సొంత దేశానికే కాబోలనుకున్నాం. ఆ సాయంత్రం నుంచి అమ్మ ప్రార్థనలో అన్నయ్య పేరు తర్వాత అతని పేరు చేరింది. నా పేరు ఆ తర్వాత! కన్న కూతుర్ని వెనక్కి నెట్టావేంటే అని దెబ్బలాడితే, వాడు దూరాన ఉన్నాడు కదే, ముందు వాడి మాట చెప్పనీ అనేది.

తర్వాత పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. అన్నయ్య పడమటి సరిహద్దు దగ్గర ఉన్నాడు. ఈసారి మీదికొచ్చినవి అమెరికా జెట్టు విమానాలే, వాళ్లు పాకిస్తాన్‌కి ఎప్పుడో ఇచ్చినవి. ఇండియా మీద వాడరు, మాది పూచీ అని అప్పట్లో మనకి మాటిచ్చారట కూడా. పేటంతా బెంగపడుతుంటే అమ్మ మాత్రం నిబ్బరంగా, మనకీ ఆ అబ్బాయున్నాడుగా అంటూ పొయ్యి రాజేసుకుంది. నాలుగు రోజులు తిరక్కుండానే రేడియోలో చెప్పారు, అమెరికా రెండు దేశాలకీ ఆయుధాలూ, సామాన్లూ ఆపేసిందని. ఇద్దరికీ ఆపారు కాబట్టి న్యాయమే కదా అని నాన్న అన్నారు గానీ గొంతులో బలం లేదు. ఏళ్ల తరబడి వాళ్ల దగ్గర తీసుకున్నవాడికీ, నిన్న మొన్న చెయ్యి చాపినవాడికీ ఒకేసారి ఆపితే అది న్యాయమా అని నేను అరిచా. నాన్న మీద అలా అరవడం అదే మొదలు.

అక్కడేం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. అన్నయ్య సెట్టులో ఒక భాగం కాలిపోయింది. అది అమెరికా నుంచే రావాలి. వాళ్లు ఆపేసారు. మన వాళ్లు ఏవేవో బిగించి చూసారు, కుదరలేదు. తెర ఆరిపోయింది. ఇక చేసేదేవుంది, అన్నయ్య దుర్భిణీ మెడలో వేసుకుని మిట్టెక్కి, కళ్లతోనే ఆకాశం కాపలా కాసాడు. ఎండకి ఎదురుగా చూస్తున్నవాడికి ఆ వెలుగులోంచి వచ్చిన విమానం కనపడలేదు. బాంబు పక్కనే పడింది. ప్రాణం దక్కింది. రెండు కళ్లూ పోయాయి.

మిలిటరీ ఆస్పత్రి నుంచి నాన్న తీసుకొచ్చారు. బస్సు దిగి నాన్న భుజం మీద చెయ్యేసి అన్నయ్య నడిచొస్తుంటే పేటంతా వాకిళ్లలోకొచ్చి నిలబడింది. అప్పుడు కుర్చీ తెచ్చినాయన రోడ్డు మీద ఎదురై, మీ దొర రాలేదా అమ్మా అని అడిగాడు. ఎంత చల్లగా అడిగాడో! నేను నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వస్తాడండీ, ఇంకా కబురు అంది ఉండదు, అంది.

ఆ సాయంత్రం చాప పరిచి ప్రార్థనకి కూర్చున్నాం. అమ్మ అన్నయ్య పేరు చెప్పింది. ఎప్పట్లాగే దాని తర్వాత అతని పేరు చెప్పింది.

"అమ్మా, ఆ పేరు ఎత్తకు," అన్నాడు అన్నయ్య.

కబురు అందలేదు నాయనా, అంది ఉంటే ఊరుకుంటాడా అని అమ్మ బుజ్జగిస్తోంది. నువ్వు బట్టలు పెట్టినవాడు ఊరుకుంటాడా అని.

"అవతలే ఉన్నాడమ్మా. మన దగ్గర్నుంచి తిన్నగా పాకిస్తానే వెళ్లాడు, ఈ సెట్లే వాళ్లకీ నేర్పడానికి. ఆ రోజు బస్సు దగ్గర నాతో చెప్పాడు. మీ అమ్మకి చెప్పకు అన్నాడు."

నాన్న, అతనేం చేస్తాడ్రా, పైవాళ్ల ఆర్డర్లు అని గొణిగారు. నాకు మా అన్నం తిని అక్కడికి వెళ్లినవాడి మీద ఒక కోపం, అంతా తెలిసి ఇన్నాళ్లూ అమ్మ చేత వాడి కోసం ప్రార్థన చేయించిన అన్నయ్య మీద ఇంకో కోపం. కళ్లు లేని మనిషిని ఏమంటాం. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నా.

అమ్మ మాత్రం గొంతు పెంచలేదు. "తెలిసి నాకెందుకు చెప్పలేదురా?"

"అప్పటికే నువ్వు బట్టలు పెట్టేసావమ్మా."

బయట ఎవరో గొడ్లని అదిలించుకుంటూ పోతున్నారు. అమ్మ కొంగు సవరించుకుని ప్రార్థన మళ్లీ మొదట్నించి ఎత్తుకుంది. నాన్న పేరు చెప్పింది. అన్నయ్య పేరు చెప్పింది. అక్కడ ఊపిరి పట్టి ఆగింది, తర్వాత నా పేరు చెప్పింది. అది ఎప్పట్నించో నాకు రావాల్సిన చోటే, కానీ ఆ రోజు అక్కడ నా పేరు వింటే ఏడుపొచ్చింది. ఇక ఆఖరి మాట. "వాడి దీపం..." అని మొదలుపెట్టి అమ్మ అన్నయ్య మొహం వంక చూసింది. ఆ మాట ముందుకి సాగలేదు. మేమంతా తలలు వంచుకుని కాచుకుని ఉన్నాం. అమ్మ మాట్లాడటం లేదని అన్నయ్యకి అర్థమైంది. చెయ్యి చాపి, తడుముకుని అమ్మ చెయ్యి వెతికి పట్టుకుని, తనే ఆమెన్ అన్నాడు.