ఆదివారం గద్దలు, మంగళవారం రిహార్సల్

రిటైరై నాలుగేళ్లయింది. ఇప్పటికి మీ కార్యాలయానికి ఏడు ఉత్తరాలు రాశాను, ఇది ఎనిమిదోది. ఆ ఏడింట్లో ఒక్కదానికీ జవాబు లేదు. అందినట్టు ముద్ర వేసిన చీటీలు మాత్రం ఏడూ వచ్చాయి, దాచి ఉంచాను.

వైమానిక దళంలో జూనియర్ వారంట్ ఆఫీసర్‌గా నా చివరి పోస్టింగ్ మేడ్చల్ వైపు ఒక స్థావరంలో. పని బర్డ్ వాచ్. అంటే రన్‌వే చుట్టూ ఎన్ని పక్షులు తిరుగుతున్నాయో గంటగంటకూ రిజిస్టర్‌లో రాయడం, అవసరమైతే టపాకాయలు పేల్చి తరమడం. మెస్‌లో దీన్ని కాకులు తోలే ఉద్యోగం అనేవాళ్లు. అన్నవాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి.

రిటైర్మెంటుకు ముందు ఏడాది విన్యాసాల జట్టు మా దగ్గరికి వచ్చింది. తొమ్మిది శిక్షణ జెట్లు, ఒక్కోదానికి ఒకే ఇంజిన్. వజ్రం ఆకారంలో ఎగిరేటప్పుడు రెక్కకూ రెక్కకూ మధ్య కొద్ది మీటర్లే. జనం చప్పట్లు కొట్టే తెల్లపొగ, వేడి ఎగ్జాస్ట్‌లోకి డీజిల్ చిమ్మితే వచ్చేది. ఆ వరసలో ఒక ఇంజిన్ గద్దను మింగితే పక్కవాడికి తప్పుకునే చోటుండదు.

ప్రదర్శన ఆదివారం. రిహార్సల్స్ మంగళవారం, శనివారం. ఆ రెండు రోజులూ నా రిజిస్టర్‌లో గద్దలు సున్నా. ఏర్పాట్లు చూసే వింగ్ కమాండర్ ఆ సున్నాలను చూసి మురిసిపోయారు. అంతకుముందు ఆదివారాల పేజీలు తిప్పి చూపించాను. అన్నింట్లోనూ పదుల కొద్దీ గద్దలు. ఆదివారం ఉదయం ఒక రిహార్సల్ పెట్టండి, లేదా గోడ అవతలి చెత్త సంగతి చూడండి అన్నాను. మీ గద్దలు క్యాలెండర్ చూసుకుని వస్తాయా అని ఆయన అడిగారు. సమావేశంలో ఎనిమిది మంది నవ్వారు. తర్వాత గంటసేపు వీఐపీ సోఫాల గలీబుల రంగు చర్చించారు.

క్యాలెండర్ చూసుకునే వస్తాయి. బౌరంపేట్ దారిలో, మా గోడ అవతల చికెన్ కొట్టు నడిపే యాదగిరిని అడిగాను.

“మంగళారం, శనారం ఎవరు దింటరు సార్? దుకాణంల నేను, ఈగలు. ఆదివారం రాండ్రి, నిలవడనీకి జాగ ఉండది. గద్దలు గూడ పొద్దుగాల్నే లైన్ల ఉంటయ్, గిరాకీ లెక్క.”

మాంసం ఏ రోజు తినాలో వింగ్ కమాండర్‌గారికి మెస్ చెబుతుంది, ఈ ఊళ్లకు వారం చెబుతుంది. తేడా అంతే.

ఆదివారం మధ్యాహ్నం దాకా వ్యర్థాలు బయట పారేయకుండా డ్రమ్ముల్లో మూత పెట్టి ఉంచమన్నాను.

“గా ఇమానం పడితే నా దుకాణం మీద్నే పడ్తది గద సార్, ఎట్ల ఒద్దంట? పక్క దుకాణపోళ్లకు గూడ జెప్త. మరి సర్టిఫికెట్ గిట్ట ఇస్తరా?”

ఇప్పిస్తానన్నాను.

ప్రదర్శన జరిగినంతసేపూ నేను జెట్లను చూడలేదు, గోడను చూశాను. రెండు గద్దలు వచ్చి, మూతల మీద ఓ చుట్టు తిరిగి, విసుగెత్తి వెళ్లిపోయాయి. తొమ్మిదీ దిగాయి.

వింగ్ కమాండర్ నివేదికలో ఇలా రాశారు: పక్షుల గురించిన ఆందోళన నిరాధారమని తేలింది. యాదగిరి పేరు లేదు. నేను రిటైర్ కాగానే ఆ వాక్యాన్నే చూపించి నా పోస్టు రద్దు చేశారు. ఆ వాక్యం దిద్దమనే నా ఏడు ఉత్తరాలూ. యాదగిరి ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. “ఏమాయె సార్ నా సర్టిఫికెట్? ఫ్రేము గూడ కొని పెట్టిన.”

ప్రమాదం రాకుండా ఆపితే, అసలు ప్రమాదమే లేదని రాస్తారు. కాబట్టి ఆపే ముందే, ప్రమాదం ఉందని పైవాళ్ల సంతకం తీసుకోవాలి. నేను నేర్చుకున్నది ఇదే.

ఈసారీ ప్రదర్శన ఆదివారమేనట. మొన్న మంగళవారం రిహార్సల్ అయింది, గాజులరామారంలో జనం మేడలెక్కి చూశారు. ఆకాశం శుభ్రంగా ఉందని అధికారులు సంతోషించే ఉంటారు. యాదగిరి కొట్టు అత్వెల్లికి మార్చుకున్నాడు. అతని చోట కొత్తగా వచ్చినవాళ్లు నాకు తెలియదు. ఆ డ్రమ్ములకు మూతలు ఎవరు పెట్టిస్తారో ఆదివారంలోపు నాకు రాసి పంపండి. అందినట్టు చీటీ అక్కర్లేదు. ఏడున్నాయి.