ట్రయల్ 3

ఆయనకు పేరు ఉండే ఉంటుంది గానీ వీధిలో అందరికీ ఒత్తుల బాబాయే. ఏ బోర్డు కనబడినా ఆగి, ఒత్తు దాని చోట అది కూర్చుందో లేదో చూసి గానీ కదలడు. కంటి ఆసుపత్రి ఎదురుగా చిన్న డీటీపీ షాపు ఆయనది. కిటికీ పక్కన కంప్యూటరు, దాని వెనక ప్రింటరు, ఆ వెనక పుస్తకాలు కుట్టే బల్ల. బల్ల దగ్గర భార్య.

ఆ సోమవారం కంప్యూటరు నత్తనడక నడుస్తుంటే విసుగొచ్చి, బాబాయి ఫాంట్ల ఫోల్డరు తెరిచాడు. నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. వాడనివన్నీ ఏరి పారేశాడు. చివర్లో ట్రయల్ 1, ట్రయల్ 2, ట్రయల్ 3 అని కనబడ్డాయి. ఎప్పటివో పిచ్చి ప్రయత్నాలు కాబోలనుకుని వాటినీ తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు.

మధ్యాహ్నం నర్సమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఎదురాసుపత్రిలో పనిచేస్తోంది. ఆపరేషనుకు ముందు భయపడేవాళ్ల చెయ్యి పట్టుకుని నాలుగు మాటల ప్రార్థన చెప్పడం ఆవిడకు అలవాటు. అవేవీ రాసుకోలేదు. భోజనం వేళ షాపులో కూర్చుని ఆవిడ చెబుతుంటే, ఏళ్ల తరబడి బాబాయే టైపు చేసి పెట్టాడు. శుక్రవారం ఆవిడ రిటైరవుతోంది. ఆలోగా ప్రతి మంచం దగ్గరా ఆ ప్రార్థనల పుస్తకం ఒకటి ఉండాలని ఆవిడ కోరిక.

"తమ్ముడూ, పుస్తకం తియ్యి. నేను పోయాక నా బదులు అదే మాట్లాడాలి."

"పోయాక ఏంటక్కా! రిటైరయ్యాక అను" అంటూ ఫైలు తెరిచాడు.

తెరనిండా కామాలు, డాలరు గుర్తులు, తెగిపడ్డ ఇంగ్లీషు ముక్కలు. తెలుగక్షరం మచ్చుకైనా లేదు. పైన ఫాంటు పేరు చూపించే గడిలో మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది: ట్రయల్ 3.

బాబాయి నుదురు కొట్టుకున్నాడు. అది తను గీసిన ఫాంటే. మసక కళ్లవాళ్లు చిన్నక్షరాలు చదవలేక అవస్థ పడుతున్నారని పదేళ్ల కిందట నర్సమ్మ అంటే, గళ్ల కాగితం మీద ఒక్కో అక్షరమే గీసి, పొట్టలు పెద్దవి చేసి, ఒత్తులు ఎడంగా జరిపి, ఏడాదిపాటు కూర్చాడు. కీబోర్డు మీటలకు అక్షరాలు కూడా తన చేతికి వీలుగానే అమర్చుకున్నాడు. అందుకే ఆ ఫైలు ఇంకే ఫాంటుకూ లొంగదు. పేరు తర్వాత పెడదాంలే అనుకున్నాడు. ఆ తర్వాత రానే లేదు.

"రేపిస్తానక్కా" అని ఆవిణ్ని పంపేశాడు. దాచుకున్న సీడీ వెతికి పెడితే గీతలు పడి తెరుచుకోలేదు. పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే ప్రోగ్రాములూ మంగళవారం రాత్రికి చేతులెత్తేశాయి.

"ఇల్లు ఊడ్చమంటే నడుం నొప్పంటారు. కంప్యూటరు మాత్రం అద్దంలా ఊడ్చేశారు" అంది భార్య. అన్నదే గానీ, సూది పక్కన పెట్టి, మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చింది. "వెళ్లి ఉన్నమాట చెప్పేయండి. ఆవిడ మిమ్మల్ని కొట్టదు."

బుధవారం పొద్దున్న వెళ్లాడు. నర్సమ్మ వార్డులో ఉందంటే టోకెన్ల కౌంటరు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన కూర్చున్న పెద్దాయన చేతిలో చీటీ ఉంది. అలవాటుకొద్దీ బాబాయి చూపు దాని మీద పడింది. 'ఎడమ కన్ను. పన్నెండో గది.' 'కన్ను'లో న పొట్ట గుమ్మడికాయలా ఉంది. కింద ఒత్తు ఎడంగా, మర్యాదగా నిలబడి ఉంది.

"ఇది నాదే!" అన్నాడు.

పెద్దాయన చీటీ గుండెకు హత్తుకున్నాడు. "నీదెలా అవుతుందయ్యా? పొద్దున్నే వచ్చి తీసుకున్నా. నువ్వెళ్లి లైన్లో నిలబడు."

బాబాయి లైనుకు కాదు, తిన్నగా కౌంటరుకు పరిగెత్తాడు. "ఈ అక్షరాలు నీ దగ్గరికి ఎలా వచ్చాయమ్మా?"

"భలేవాడివి బాబాయ్! పదేళ్ల కిందట నువ్వే వచ్చి ఎక్కించావుగా. మా పేషెంట్లకు చీటీలు కనబడాలన్నావు, టీ కూడా తాగకుండా వెళ్లిపోయావు" అంది కౌంటరమ్మాయి. "ఓసారి స్టైలుగా ఉంటుందని వేరే ఫాంటు పెట్టా. ముసలివాళ్లంతా 'ఇదేం గదమ్మా, ఇదేం గదమ్మా' అని నా ప్రాణం తోడేశారు. సాయంత్రానికల్లా మళ్లీ నీదే పెట్టుకున్నా."

చేసిన మంచి ఆయన మర్చిపోయాడు. అది మాత్రం ఆయన్ని మర్చిపోలేదు.

పెన్‌డ్రైవులో ఫాంటు తెచ్చుకుని తన కంప్యూటరులో ఎక్కించాడు. దేవుడికి దణ్ణం పెట్టుకుని ఫైలు తెరిచాడు. చిందరవందరగా ఉన్న గుర్తులన్నీ బడిగంట విన్న పిల్లల్లా వరసలో నిలబడ్డాయి. 'భయపడకు తండ్రీ, చీకటి కాసేపే' అన్న మొదటి వాక్యం చదివి భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇక కుట్టొచ్చా?"

పేరు మారుద్దామనుకుని ఆగాడు. పేరు మారితే పాత ఫైలు దాన్ని గుర్తుపట్టదు. మూడు చోట్ల కాపీలు దాచాడు. 'ట్రయల్ అని ఉన్నా ముట్టుకోకండి' అని భార్య ఒక చీటీ రాసి తెరకు అంటించింది.

శుక్రవారం మంచానికో పుస్తకం చేరింది. నర్సమ్మ వార్డు మధ్యలో నిలబడి ఒక ప్రార్థన చదివింది. తర్వాత పుస్తకం మూసి, కళ్లు మూసుకుని అంది: "ప్రభూ, ఎదుటివాడి చూపు కోసం తన కళ్లు అరగదీసుకునేవాణ్ని చల్లగా చూడు."

బాబాయి ఉలిక్కిపడ్డాడు. "అక్కా, ఇది పుస్తకంలో లేదే!"

"రేపు మధ్యాహ్నం వస్తాలే" అంది నర్సమ్మ. "ఇప్పుడు నాకు బోలెడు తీరిక. టైపు చేసుకుందువుగాని."