మూడో అంతస్తు దాకా ఒక కారమెల్

లింబాద్రిని మా క్యాంపులో అందరూ చాక్లెట్ లింబాద్రి అనేవాళ్ళు. తను తినేది చాక్లెట్ కాదు, కారమెల్ అని పాపం ఎంతమందికి చెప్పాడో. మా వాళ్ళకు కాగితంలో చుట్టిన తీపి ఏదైనా చాక్లెటే. నేనూ మొదట్లో అలాగే వెక్కిరించాను. తప్పు ఒప్పుకుంటాను.

ఇది డెబ్బై ఏడో సంవత్సరం సంగతి. ఖతర్‌లో చమురు డబ్బు పొంగుతున్న రోజులు. దోహాలో ఎటు చూసినా గుంతలు, ఇనుప చువ్వలు, సిమెంటు దుమ్ము. మా పనివాళ్ళ క్యాంపు మెసైమీర్ దగ్గర. నేను కంపెనీ పికప్ నడిపేవాణ్ణి. లింబాద్రిది మెట్‌పల్లి పక్క ఊరు, మాదీ అటువైపే. నా పేరు రాజనర్సు, అతను నర్సన్నా అనేవాడు.

లింబాద్రి వచ్చింది సెంట్రింగ్ పనికి. వాళ్ళ మేనమామ కొడుకు జలంధర్ కూడా తోడు వచ్చాడు. ఇద్దరిదీ ఒకే గది, ఒకే కంచం. ఐదో నెలలో జలంధర్ నాలుగో అంతస్తు పరంజా మీది నుంచి పడి చనిపోయాడు. అప్పుడు లింబాద్రి పక్కనే ఉన్నాడు. పలక అందుకొమ్మని జలంధర్ అంటే ఇతను చెయ్యి చాపాడట. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది, పలకా లేదు, జలంధరూ లేడు.

ఆ తర్వాత లింబాద్రి నిచ్చెన ఎక్కలేకపోయాడు. రెండో మెట్టు మీద కాలు పెట్టి మళ్ళీ నేల మీదికి దిగేసేవాడు. ఫోర్‌మన్ తిట్టాడు, హాజరు కోశాడు, ఒకసారి కాలర్ పట్టి పైకి నెట్టాడు కూడా. ఇతను పరంజా పైపును కావలించుకుని అరగంట కదల్లేదు. ఇద్దరు మనుషులు ఎక్కి వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసి కిందికి దించారు. ఇంటికి పోదామంటే పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది, ఒప్పందం మూడేళ్ళు.

మా క్యాంప్ బాస్ లియాఖత్ అలీది కోరుట్ల. నోరు చెడ్డది కానీ మనిషి మంచివాడు. ఒకరోజు లింబాద్రిని పిలిచి అడిగాడు.

"ఏం రా, నీకు వంటొస్తదా?"

"మా అవ్వ పెండ్లిళ్ళల్ల అరిసెల పాకం పడుతది సాబ్. పక్కన కూసుండి చూసెటోణ్ణి."

"ఫ్రెంచోళ్ళు అరిసెలు తింటరారా, పాగల్? సరే నడువ్. నీళ్ళల్ల కాలు పెట్టినంక ఈత అదే వస్తది."

అట్లా కంపెనీ ఫ్రెంచి ఇంజనీరు ఇంట్లో వంటింటి పనికి చేరాడు. ఆ ఇల్లు నేల మీద కట్టిన ఒకే అంతస్తు ఇల్లు. మిద్దె మీదికి మెట్లు కూడా లేవని లింబాద్రి మొదటి రోజే చూసుకున్నాడట. ఇంజనీరు భార్య పేరు సొలాంజ్. సన్నగా, మచ్చల మొహంతో, ఎప్పుడూ ఏదో పాట పాడుకుంటూ తిరిగేది. ఆమెకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో, ఇతనికి వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ఆ వంటిల్లు నడిచేది.

ఆమె ఊరు ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున ఎక్కడో ఉంది. సెలవుకు వెళ్ళినప్పుడల్లా ఒక రేకు డబ్బా నిండా కారమెల్లు తెచ్చుకునేది. మధ్యాహ్నం గిన్నెలన్నీ అయిపోయాక డబ్బా తెరిచి తనకొకటి, లింబాద్రికొకటి తీసేది. ఒకటే షరతు, కొరకకూడదు.

పికప్‌లో నా పక్కన కూర్చుంటే చాలు, దాని గురించే మాట్లాడేవాడు.

"ముందుగాల రాయి లెక్క ఉంటదే నర్సన్నా. దౌడ కింద పెట్టుకుని ఊకె ఉండాలె. జర సేపటికి ఒక మూల మెత్తబడుతది. వెన్న కారుడు షురూ అయితది. అప్పుడు మాడిన వాసనొస్తది. మాడింది కాదు మల్ల, మాడుతది మాడుతది అనంగనే ఆపేసిన వాసన. ఆఖరికి ఏదో గుంజుతదే. తీపి అయిపోయినంక గూడ నాలుక దాన్ని దేవులాడుతది."

"గంత సేపు చప్పరిస్తే డ్యూటీ ఎవడు చేస్తడురా?"

"అది నోట్లె ఉన్నంత సేపు నాకు జలంధర్ యాదికి రాడన్నా."



ఒకసారి నా కోసం ఒకటి దాచి తెచ్చాడు. నేను ఆత్రంగా కసుక్కున కొరికాను. కదులుతున్న దవడ పన్ను ఒకటి దానికి అంటుకుని ఊడి వచ్చింది. రక్తం, తీపి కలిసిపోయి నాకేం రుచి తెలుస్తుంది? లింబాద్రి నా పన్నును చూడలేదు, కారమెల్ పాడైందని నెత్తి కొట్టుకున్నాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ కారమెల్ అసలు రుచి నాకు తెలియదు. తెలిసి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదేమో.

అట్లా పద్నాలుగు నెలలు గడిచాయి. ఆ ఎండాకాలంలో ఇంజనీరుకు బదిలీ వచ్చింది. అదే ఇంట్లోకి ఇంకో ఫ్రెంచి ఇంజనీరు కుటుంబం దిగుతోంది. ఒప్పందంలో ఇంకా పదహారు నెలలున్నాయి. కొత్తవాళ్ళు ఉంచుకోకపోతే లింబాద్రి మళ్ళీ సైటుకే.

సొలాంజ్ మేడం అతన్ని కూర్చోబెట్టి చెప్పింది. కొత్త మేడంది కూడా తమ తీరమేనట. బీరూట్‌లో పనిచేసిన వంటమనిషిని తెచ్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తోందట. గురువారం మధ్యాహ్నం భోజనానికి వస్తోంది. చివర్లో కాఫీతో పాటు మన ఊరి కారమెల్ నీ చేత్తో చేసి పెట్టు, మిగతాది నేను చూసుకుంటానంది.

మంగళవారం ఒక్కసారి చేసి చూపించింది. పంచదార ఒట్టిగా కరిగించి, రాగి రంగు రాగానే డబ్బా వెన్న ముక్కలు వేసి, క్రీము పోసి, గాజు గొట్టం లాంటి కొలతపుల్ల ముంచి వేడి చూసింది. ఆ కొలతపుల్ల లింబాద్రికి అర్థం కాలేదు. చల్లటి నీళ్ళ గిన్నెలో ఒక చుక్క వేసి వేళ్ళతో ఉండ కట్టి చూపించాడు. అచ్చం అరిసెల పాకమే. మేడం చప్పట్లు కొట్టి, "లింబా, తుమ్ మాస్టర్!" అంది. మిగతా పెట్టెలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది.

బుధవారం నేను కూరగాయలు దింపడానికి వెళ్ళేసరికి లింబాద్రి వంటింట్లో నేల మీద కూర్చుని పెద్ద బేసిన్‌లో వెన్న పిసుకుతున్నాడు. ఐసు ముక్కలు వేసిన నీళ్ళు, అందులో తెల్లటి ముద్ద.

"ఏందిరా ఇది?"

"కడుగుతున్ననే. ఈ డబ్బా వెన్న నిండ ఉప్పే. ఓడల వచ్చేటప్పుడు ఖరాబు కావొద్దని ఏసిన్రు, ఎండు చేపలకు ఏసినట్లు. తీపిల ఉప్పెవడన్న ఏస్తడా? మేడం తొందరల కడగలేదు పాపం. మనం మంచిగ చేసి చూపెట్టాలె."

నాకు కూడా అది న్యాయంగానే అనిపించింది. మా ఇళ్ళల్లో చిలికిన వెన్న కడగకుండా ఎవరు వాడతారు? నీళ్ళు కూడా నేనే మార్చి ఇచ్చాను.

మొదటి వాయి మాడింది. రెండో వాయి బాగా కుదిరింది. రంగు, మెరుపు, కోస్తే కత్తికి అంటకుండా వచ్చే ముక్క, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లింబాద్రి ఒకటి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలా సేపు ఉండి కళ్ళు తెరిచాడు.

"గుంజుతలేదే."

"ఏం గుంజుతలేదు?"

"ఆఖరికి గుంజాలె గదా. ఊకె తియ్యగున్నది. ఇంక ఉప్పు ఉన్నట్లుంది వెన్నల, అదే చెడగొడుతున్నది."

మూడో వాయికి ఏడు నీళ్ళు మార్చి కడిగాడు. చేతులు మొద్దుబారి వేళ్ళు నీలం రంగుకు తిరిగాయి. ఆ ముక్క నాకు పెట్టి నా మొహంలోకి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. కోర్టులో తీర్పు కోసం నిలబడినవాడు అట్లా చూస్తాడు.

"మస్తున్నది రా!" అన్నాను. తియ్యగా ఉంది, మస్తుగానే ఉంది. నాకేం తెలుసు?

"ఒట్టు?"

"ఒట్టు."

గురువారం మధ్యాహ్నం మేడం పెట్టెలు బండికి ఎత్తడానికి నేను వెళ్ళాను. వంటింటి తలుపు దగ్గర నిలబడితే లోపలి గది కనిపిస్తుంది. కొత్త మేడం లావుగా, తెల్లగా ఉంది. మాట మెత్తన. లింబాద్రి చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకుని, కాగితంలో మెలితిప్పి చుట్టిన కారమెల్లు పళ్ళెంలో పెట్టి తీసుకుపోయాడు. ఆమె ఒకటి విప్పి నోట్లో వేసుకుంది. సొలాంజ్ మేడం కూడా వేసుకుంది. లింబాద్రి కాళ్ళకున్న చెప్పులు చిన్నగా టపటపలాడుతున్నాయి.

కొత్త మేడం నవ్వి, "నైస్. వెరీ స్వీట్" అంది. అంటూనే సగం ముక్క కాగితంలోకి తీసి సాసర్ పక్కన పెట్టింది.

సొలాంజ్ మేడం మొహం మారింది. "లింబా, బటర్ కో క్యా కియా?"

"వాష్ మేడం!" ఎంత గర్వంగా అన్నాడో. "సెవెన్ టైమ్ వాష్. ఆల్ సాల్ట్ గాన్. గుడ్ క్లీన్."

ఇద్దరాడవాళ్ళూ ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. కానీ కొత్త మేడం కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళ భాషలో ఏదో అని, పక్కనే కూర్చున్న తన భర్త భుజం తట్టింది. ఆయన కూడా నవ్వాడు. లింబాద్రి కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

సొలాంజ్ మేడం నవ్వాపి లేచి వంటింట్లోకి వచ్చింది. ఒక కారమెల్ మీద నాలుగు రవ్వల ఉప్పు చల్లి అతని నోట్లో పెట్టింది. వాళ్ళ తీరంలో ఉప్పు లేని వెన్న ఎవరూ ముట్టరట. ఆ కారమెల్ ప్రాణమంతా ఆ ఉప్పులోనే ఉందట. లింబాద్రి చప్పరించాడు. గుంజింది. నాకు దూరం నుంచే తెలిసింది, అతని గొంతు కదిలిన తీరుతో.

"వన్ అవర్ మేడం. ఓన్లీ వన్ అవర్. ఫిర్ బనాతా" అని, మళ్ళీ చేస్తానంటూ ఆమె చేతులు పట్టుకోబోయి ఆగిపోయాడు. ఆమె లోపలికి వెళ్ళి మాట్లాడింది. కొత్త మేడం వాచీ చూసుకుని మెత్తగానే తల అడ్డంగా ఊపింది. బీరూట్ మనిషికి కబురు పంపాలని అప్పటికే అనుకుందట.

సొలాంజ్ మేడం శుక్రవారం విమానం ఎక్కింది. వెళ్తూ వెళ్తూ రెండు డబ్బాల వెన్న, పంచదార, క్రీము డబ్బా, మైనం కాగితం చుట్ట అతని చేతిలో పెట్టి, మొహం పక్కకు తిప్పుకుంది. సాయంత్రం లియాఖత్ అలీ మా గదికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి చెప్పాడు.

"రేపు సైట్ల డ్యూటీ. ఐదో అంతస్తు. నేనేం చెయ్యలేను రా. కిచెన్‌ల జాగ మాఫీ, లేనే లేదు."

లింబాద్రి మా కిరోసిన్ పొయ్యి మీద గిన్నె పెట్టాడు. ఈసారి వెన్న కడగలేదు. గది నిండా ఆ మాడీ మాడని వాసన కమ్ముకుంది. ఎప్పుడూ వెక్కిరించే వాళ్ళు కూడా గిన్నె చుట్టూ చేరారు. నేను ఒకటి దవడ కింద పెట్టుకుని, మొదటిసారి కొరక్కుండా ఉన్నాను. రాయి, తర్వాత వెన్న, తర్వాత మాడు, చివర్లో నాలుకను పట్టుకుని లాగే ఆ ఉప్పు. నిన్నగాక మొన్న ఒట్టేసిన నోరు ఇదేనని సిగ్గేసింది. ఒకడు ఇంకోటి అడిగితే లింబాద్రి డబ్బా మూత పెట్టేశాడు.

"ఇగ లేవు. నాకు కావాలె."

శనివారం పొద్దున నేనే సైటుకు తీసుకుపోయాను. జేబులో మూడు కారమెల్లు పెట్టుకున్నాడు.

"కొరకకుంటె మూడో అంతస్తు దాక వస్తది. లెక్క చూసుకున్న" అన్నాడు. ఒకటి విప్పి నోట్లో వేసుకుని కాగితం నా చేతిలో పెట్టి పైపు పట్టుకున్నాడు.

ఎక్కాడు. నిజంగానే ఎక్కాడు. తల వంచుకుని, ఎటూ చూడకుండా, దవడ కదపకుండా ఎక్కాడు. మూడో అంతస్తులో ఆగి పలక మీద కూర్చున్నాడు. గాలికి ఒక కాగితం తిరుగుతూ తిరుగుతూ కిందికొచ్చింది. మళ్ళీ లేచాడు.

నాలుగో అంతస్తు దగ్గర ఆగిపోయాడు. కింది నుంచి దవడలు కనిపిస్తున్నాయి, నములుతున్నాడు. భయానికి కొరికేశాడు. ఒక చేత్తో పైపును వాటేసుకుని రెండో చెయ్యి జేబులో పెట్టాడు. ఈసారి కాగితం తిరుగుతూ రాలేదు. టప్పుమని నా ముందే ఇసకలో పడింది. విప్పని కారమెల్.

"యల్లా! యల్లా!" అని తొందరపెడుతూ ఫోర్‌మన్ అరుస్తున్నాడు. లింబాద్రి రెండు చేతులతో పైపును పట్టేసుకున్నాడు. 

ఆ పక్కనే గిలకకు తాడు, దానికి సిమెంటు బకెట్ వేలాడుతున్నాయి. కారమెల్ ఇసక దులిపి బకెట్‌లో వేసి తాడు లాగాను. ఫోర్‌మన్ నన్ను కూడా తిట్టాడు. తిట్టనీ. బకెట్ నాలుగో అంతస్తు దాకా పోయి, అతనికి మూరెడు దూరంలో ఊగుతూ నిలబడింది.

"లింబాద్రీ! అందుకో రా!"

అందుకోవాలంటే చెయ్యి చాపాలి. నాలుగో అంతస్తు మీద, పట్టు వదిలి, గాలిలోకి. ఆ మాట అనేశాక గానీ నేనేం అడిగానో నాకు తెలియలేదు.

చాలా సేపు బకెట్ అలాగే ఊగింది. తాడు నా అరచేతులు కోస్తోంది. లింబాద్రి కుడిచెయ్యి పైపు మీద నుంచి లేచింది, మళ్ళీ అతుక్కుంది, మళ్ళీ లేచింది. వేళ్ళు బకెట్ అంచుకు తగిలాయి. అది పక్కకు జరిగింది. అతను ఇంకొంచెం వంగాడు.

కాగితం నా భుజం మీద పడింది. ఖాళీగా ఉంది.

అతను ఐదో అంతస్తుకు ఎక్కడం చూశాకే తాడు వదిలాను. ఆ బిల్డింగు పని ఇంకా నాలుగు నెలలుంది. గదిలో డబ్బాలో ఇంకా ఇరవై ఆరు ఉన్నాయి.