మైకుసెట్టు బావా, నా ఎడం కన్నూ

మైకుసెట్టు బావ పోయిన సంగతి అందరికంటే ముందు మసీదు మైకే చెప్పింది. నాకే తెలవలా. పొద్దున్నే చెవిలో మిషను ఇంకా పెట్టుకోలేదు. గోలగా ఏదో వచ్చింది. శబ్దం వచ్చింది గానీ మాట రాలా. ఎవురింట్లోనో పిల్లోడు తప్పిపోయాడేమో అనుకుని పళ్ళు తోముకుంటన్నా. మా ఇంటామె వచ్చి చెవి దగ్గర నోరు పెట్టి, "మైకుసెట్టు అన్నయ్య పోయాడంట" అంది.

ఆ హారన్లు మసీదు మీద ఎక్కించింది కూడా ఆయనే. "ఎత్తులో పెట్టమంటారు, గట్టిగా పెట్టమంటారు. మాట తెలవాలని మాత్రం ఎవుడూ అడగడురా" అని తిట్టుకుంటానే ఎక్కించాడు.

వినుకొండ బస్టాండు ఎనక మైకుసెట్టు షాపు ఆయనది. ఆయనదో మతం, నాదో మతం. అయినా చిన్నప్పట్నించీ బావా అనే పిలిచా. ఆయన భార్య నాకు అక్క. నేను చదివింది ఐదో తరగతి, అదీ సగం. ఆ మిగిలిన సగం జనాన్ని ఆటపట్టించటంలో పూర్తి చేశా. మా ఊళ్ళో నా నోట్లో పడనోడు లేడు. బావ పొట్టని సౌండు బాక్సు అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. నా మాటలకి మనవళ్ళు కూడా మొహం తిప్పుకుంటారు, ఆయన మాత్రం పొట్ట ఊగేట్టు నవ్వేవాడు. జోకు ఆఖర్లో ఎడం కన్ను మూయటం నాకు అలవాటు. కన్ను తెరిచేలోపు ఆయన నవ్వు సిద్ధంగా ఉండేది.

ఒక్కసారి మాత్రం నొచ్చుకున్నా. టీకొట్టు దగ్గర నిలబడి ఉంటే లారీ పోయి కంట్లో దుమ్ము పడింది. నేను మంటతో కన్ను మూసుకుంటే ఆయన పగలబడి నవ్వాడు. "ఏంది బావా, నా కన్ను పోతంటే నీకు నవ్వులాటా" అని టీ తాగకుండా వచ్చేశా.

నాకు చెవులు పోతన్నాయని మొదట కనిపెట్టింది ఆయనే. ఇంట్లో కూడా ఎవురికీ చెప్పలా నేను. ఒకరోజు షాపులో పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు ముందు నవ్వి, తర్వాత ఎదుటోడి మొహం చూస్తన్నావురా. నాకు తెలుసు ఆ పని" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందే ఏడ్చా. నా సంగతి మొత్తం చెప్పుకున్నా. ఆయనే గుంటూరు తీసుకుపోయి మిషను పెట్టించాడు.

తర్వాత మా వీధి కమ్యూనిటీ హాల్లో తీగ వేశాడు. మీకు చెప్పాలిగా, హాలు చుట్టూ గోడ కింద రాగి తీగ తిప్పి ఆంప్లిఫయరుకి కలుపుతారు. చెవి మిషను మీద టీ అనే బటను నొక్కితే మైకులో మాట తిన్నగా చెవిలోకొస్తది. ఫ్యాను మోత, పక్కనోడి దగ్గు ఏమీ రావు. దానికి రూల్సున్నాయంట. తీగలో మాట బలం కొలిచే మీటరు ఒకటుంటది, కుర్చీ కుర్చీకి దాని ముల్లు తేడా రాకూడదు, కరెంటు గుయ్యిమనకూడదు, తలుపు మీద చెవి బొమ్మ ఉండాలి. కూర్చున్నోడి చెవి ఎంత ఎత్తులో ఉంటదో అంత ఎత్తులో మీటరు పట్టుకుని మూలమూలా తిరిగేవాడు.

ముల్లు ఒప్పుకున్నా ఆయన ఒప్పుకునేవాడు కాదు. "వినపడటం ఏముందిరా, గేదెక్కూడా వినపడుద్ది. మాట తెలవాలి." పాట పెట్టి చూద్దామంటే, "తెలిసిన పాట చెవి వినదు, మనసే పాడుకుంటది" అనేవాడు. అక్క మైకు ముందు తలుపు, పలుపు, మలుపు అని పొంతన లేని మాటలు చదివేది. నేను ఒక్కో కుర్చీలో కూర్చుని తిరిగి చెప్పాలి. ఆయన నా ఎదురుగా నిలబడి నా మూతి వంకే చూసేవాడు. ఒకసారి మీసం తుడుచుకుంటా చెప్తే గయ్యిమన్నాడు. "చెయ్యి తియ్యరా మూతి మీంచి." పని మీద భక్తి అనుకున్నా.

ఖననం అయిన మూడోరోజు అక్క దగ్గరికి పోయా. "నా జోకులకి నవ్వే మనిషి పోయాడక్కా" అన్నా.

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని నన్ను చూసింది. మిషను ఉన్నా తెలవాలని నిదానంగా చెప్పింది. "నీ జోకు ఒక్కటన్నా ఆయనకి వినపడిందనుకుంటన్నావా తమ్ముడా?"

"ఏందక్కా నువ్వనేది?"

"పెళ్ళిళ్ళల్లో బాక్సుల పక్కన నిలబడి నిలబడి ఆయన చెవులు నీకంటే ముందే పోయినై. మూతి చూసి మాట పట్టుకునేవాడు, నీ జోకుల వేగం అందేది కాదు. నువ్వు కన్ను మూస్తే జోకు అయిపోయినట్టు, అప్పుడు నవ్వాలి. నాకూ చెప్పాడు, వాడు కన్ను మూస్తే నవ్వేయవే అని."

"మరి మిషను పెట్టుకోవచ్చుగా."

"మైకుసెట్టోడు చెవిటోడంటే పెళ్ళికి ఎవురు పిలుస్తారు?"

"నాకన్నా చెప్పకపోయాడా?"

"నీకా? నీకు చెప్తే సాయంత్రానికి బొల్లాపల్లి దాకా తెలుస్తది."

  లారీ దుమ్మూ, మూతి మీద చెయ్యీ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చినై. నేను ఆయన ముందు ఏడ్చిన రోజు, ఆయన కూడా నాతోపాటు చెవిటోడే. "నాకు తెలుసు ఆ పని" అన్నాడుగా, ఎట్టా తెలుసో ఒక్క ముక్క చెప్తే ఏం పోయింది? నాకు తీగ వేశాడు, తను ఆ తీగ బయటే నిలబడ్డాడు. నన్ను మోసం చేశాడు బావ. పోయినోళ్ళని పొగడాలంటారు. పొగుడుతున్నా, ఆయన పెట్టిన తీగ వల్లే నేను మళ్ళీ మనుషుల్లో కూర్చుంటన్నా. కానీ కోపం పోలా.

ఒక్కటి మాత్రం తర్వాత తట్టింది. హాల్లో బటను టీ మీద ఉంటే మైకులో మాటే వస్తది, ఎదురుగా నిలబడ్డోడి నవ్వు రాదు. అక్కడ ఆయన నవ్విన నవ్వులన్నీ నాకూ వినపడలా. ఆయన పళ్ళు చూసి మురిసిపోయా.

మొన్న ఆ హాల్లోనే ఆయన సంతాప సభ పెట్టారు. ముందు పోయి అక్కని మీటరు తీసుకురమ్మన్నా, హాలు సరిగ్గా ఉందో లేదో చూసేదానికి ఇంక ఎవురున్నారు. ఆమె దాన్ని ఆయన నిలబడే చోట ఒక కుర్చీ మీద పెట్టింది. మైకు ఇచ్చి నన్ను మాట్లాడమన్నారు. ఆయన పొట్ట సంగతే ఎత్తా. మాట అన్నప్పుడల్లా ముల్లు లేస్తంది, ఆగితే పడుకుంటంది. చెవిలో గుయ్యి కూడా లేదు, అంత శుభ్రంగా వేశాడు. జోకు ఆఖరికొచ్చింది. అలవాటుగా ఎడం కన్ను మూశా. తెరిచి చూస్తే ముల్లు పడుకుని ఉంది.